తగులుకున్న భుజకీర్తులు

కల్లో వచ్చే డిజైన్లు

పోయిన చలికాలం ఎమ్మిగనూరు నుంచి ఇద్దరమ్మాయిలు ఆదోనిలో మా ఇంటికి వచ్చారు. పట్టుదారంతో, పూసలతో కమ్మలు చేసి, ఫోన్లో ఫోటోలు పెట్టి అమ్ముతారట. నేను పని మానుకున్నానని తెలిసే వచ్చారు. టీ తాగారు, కాసేపు సిగ్గుపడ్డారు, ఆఖరికి ఒకమ్మాయి అడిగింది.

"ఆంటీ, మీకు డిజైన్లు యాడ్నుంచి వస్తాయి?"

"కల్లో వస్తాయి," అన్నాను.

ఇద్దరూ గబగబా ఫోన్లో రాసుకున్నారు. రెండో పిల్ల ఇంకా శ్రద్ధగలది. "ఎన్ని గంటలకు పండుకోవల్ల ఆంటీ?" అని అడిగింది.

"పెందలాడే పండుకోండి," అని పంపించేశాను. వాళ్ళు పోయినాక చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత, పాపం ఆ పిల్లలు నిజంగానే దీపాలార్పుకొని పడుకుంటారేమో అని భయం వేసింది. అందుకని ఇది రాస్తున్నాను.

నా పేరు ఖైరున్నిసా. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఖైరూనక్కను. నేను చేసినవి బంగారు నగలు కావు. పల్లెల్లో ఆడే నాటకాలకు సొమ్ములు చేశాను. కిరీటాలు, కమ్మలు, హారాలు, వడ్డాణాలు, భుజకీర్తులు. భుజకీర్తులంటే తెలుసు కదా, రాజు వేషగాడికి రెండు భుజాల మీదా రెక్కల్లా లేచి నిలబడేవి. అట్ట, ఇత్తడి తీగ, బంగారు రంగు కాగితం, పూసలు, అద్దం బిళ్ళలు, మైనం పట్టిన నూలుదారం. ఇంతే సరుకు. కానీ అవి కట్టుకుంటే ఉల్లిగడ్డలు పండించే మనిషి కూడా తల తిప్పకుండా, ఒళ్ళంతా తిప్పి చూస్తాడు. అదే రాచఠీవి అని జనం అనుకుంటారు. తల తిప్పితే రెక్క చెవిలో గుచ్చుకుంటుందని నాకు తెలుసు.

మామూ దగ్గర

పని నేర్పింది మా అమ్మ తమ్ముడు, మా మామూ. పెళ్ళికొడుకుల ముఖానికి కట్టే సెహ్రాలు, పీర్ల పండక్కి అలంకారాలు, నాటకాల సొమ్ములు, మెరిసేది ఏదైనా చేసేవాడు. మా వీధిలోనే కొట్టు.

చేరిన కొత్తలో రాణి వేషానికి ఒక హారం కూర్చాను. ఆవగింజలంత ఎర్రపూసలు, వాటి మధ్య పువ్వులు, పువ్వుల మధ్య ఆకులు. అంత గొప్ప హారం ఆదోనిలో ఇంతవరకు పుట్టలేదనుకున్నాను. మామూ దాన్ని తీసుకొని వీధి దాటిపోయి, ఎదురుగా టీ అంగడి గోడకున్న మేకుకు తగిలించి, తిరిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఏం కనిపిస్తాంది బేటీ?"

"హారం."

"అబద్ధం సెప్పొద్దు."

"...ఏందో ఎర్రగా కనిపిస్తాంది."

"ఎండుమిరపకాయల దండ మాదిరి ఉంది. రాణి మెడలో మిరపకాయలేస్తావా?"

టీ తాగేవాళ్ళంతా నవ్వారు. ఆ రోజు ఏడ్చాను కానీ, అంతకంటే పెద్ద చదువు నాకు మళ్ళీ ఎవరూ చెప్పలేదు. ఒళ్ళో పెట్టుకొని చేసేటప్పుడు మనం చూసేది మన కష్టాన్ని. వస్తువు కనబడాలంటే వీధికి అవతల పెట్టాలి. ఇప్పటి పిల్లలు ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసుకుంటారు. చిన్నది చేసి చూడండి. అప్పుడు తెలుస్తుంది.

మామూ గొప్పవాడు, అయితే మొండివాడు. కిరీటం తలకు పట్టకపోతే "తల తప్పు" అనేవాడు. నిజంగానే, వేషగాడి ముఖం మీదే అనేవాడు. వాళ్ళ నాయన నేర్పిన కిరీటం ఒకటుంది, దానికి ఒక పూస ఎక్కువైనా ఒప్పుకోడు. నేను కొత్తగా ఏదైనా చేస్తే, జనం మెచ్చుకుంటే "నేనే సేసిన", తిడితే "మా పిల్ల సేసింది". నేనూ తక్కువ తినలేదు. ఆయన కట్టిన వంకర వడ్డాణాలు చూపించి, "ఇవి మామూవి, ఒక పక్కకు ఒరిగి ఉండేదే పాతకాలం పనితనం" అని చెప్పేదాన్ని. కొందరు నమ్మి అవే కావాలని తీసుకుపోయేవారు.

నా సొంతమని చెప్పుకోదగ్గ మొదటి డిజైను పత్తి మార్కెట్లో దొరికింది. బేళ్ళు దించేచోట పత్తి రాలిపోయిన ఎండుకాయ ఒకటి కాలికి తగిలింది. డొప్పలు విచ్చుకొని నక్షత్రంలా ఉంది. మధ్యలో అద్దం బిళ్ళ అంటించి, బంగారు రంగు పూసి, రాణికి కమ్మలు చేశాను. "దీన్ని ఎవురు పెట్టుకుంటారు?" అన్నాడు మామూ. మద్దికెర నుంచి వచ్చిన రైతు ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకొని, "ఏయ్, ఇది మా సేన్లోది గదా!" అని పక్కనున్నవాణ్ణి పిలిచి మరీ చూపించాడు. ఎన్నడూ చూడని దాన్ని చూసి జనం ఊరికే నోరు తెరుస్తారు. రోజూ చూసేదాన్ని కొత్తగా చూస్తే పక్కవాణ్ణి పిలుస్తారు. ఆ పిలుపు కోసమే నేను పని చేశాను.

ఇద్దరు రాజులు

మామూ పోయినాక కొట్టు నాదైంది. ఎన్నో వేషాలు కట్టాను కానీ, ఒకే ఒక్క జత భుజకీర్తుల సంగతి వివరంగా చెప్తాను. డిజైను ఎట్లా పుడుతుందో దాంట్లో అంతా ఉంది.

హొళగుంద దిక్కున ఒక పల్లె. అక్కడి బడిపంతులు ఒకాయన సొంతంగా నాటకం రాశాడు. ఒక కోట కోసం కొట్లాడుకునే పెద్దరాజు, చిన్నరాజు కథ. పెద్దరాజు వేషం తిమ్మప్పది, చిన్నరాజు ఈరన్నది. ఈ ఇద్దరూ తోడల్లుళ్ళు. తిమ్మప్ప భార్య గంగమ్మ అక్క, ఈరన్న భార్య సుంకమ్మ చెల్లెలు. తోడల్లుళ్ళకు నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఒకే వీధిలో ఉంటూ, ఒకరు వస్తుంటే ఇంకొకరు ముఖం తిప్పుకొని పోతారు. నాటకం రిహార్సల్లో కూడా మాస్టరు వైపు చూసే డైలాగులు చెప్తారట.

ముందు తిమ్మప్ప వచ్చాడు.

"అక్కా, ఈరన్న భుజకీర్తులు ఎట్ల సేస్తాండావు?"

"ఆయప్ప ఇంకా రానే లేదు."

"వస్తాడు. వచ్చి ఎంత సెప్తాడో, దానికంటే నాది బెత్తెడు ఎక్కువ ఉండల్ల."

రెండు రోజులకు ఈరన్న వచ్చాడు. మనిషి మెతక, గొంతు చిన్నది. "తిమ్మప్పది ఎంత సేసినావక్కా?" అని అడిగి, "నాది బెత్తెడు ఎక్కువ సెయ్యి" అన్నాడు. ఇద్దరికీ సరేనన్నాను. రెండూ ఒకే కొలతకు కోసి, ఒకరికి కొస పైకి తిప్పుదాం, ఒకరికి కిందికి తిప్పుదాం, ఎవరి కళ్ళకు వాళ్ళది పొడుగ్గా కనిపిస్తుందిలే అనుకున్నాను. తగువు తీర్చడం నా పని కాదు, తగువులో నిలబడే సొమ్ము చేయడం నా పని.

తర్వాత ఒకరోజు గంగమ్మ వచ్చింది. మొగుడి వడ్డాణం కొలత ఇవ్వడానికట. ఆమె వెనకాలే సుంకమ్మ. కొట్లోకి రాగానే తలుపు ఓరగా వేసి, ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. ఊళ్ళో పలకరించుకుంటే మొగుళ్ళకు కోపం. అందుకని రెండు వేర్వేరు బస్సుల్లో ఆదోనికి వచ్చి నా కొట్లో కలుసుకున్నారు. సుంకమ్మకు రెండేళ్ళ కొడుకున్నాడు. గంగమ్మ వాణ్ణి దూరం నుంచి చూడటమే కానీ ఒక్కసారి ఎత్తుకోలేదు. నా పాత పెట్టె మీద కూర్చోబెట్టుకొని, వాడి కాలివేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకుంటూ ఉండిపోయింది. నేను పూసలు వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

"అసలు తగువు దేనికమ్మా?" అని అడిగాను.

"తలగుడ్డలకక్కా," అని సుంకమ్మ నిట్టూర్చింది.

వాళ్ళ నాయన నాగప్పకు ఎమ్మిగనూరులో బట్టల అంగడి. కొత్త ఇంట్లో చేరినప్పుడు అల్లుళ్ళిద్దరికీ తలగుడ్డలు పెట్టాడు. ఒక్కొక్కణ్ణి విడిగా పిలిచి, "నీకు మాత్రం పట్టుది తెచ్చినా, రెండో ఆయప్పది నూలుది, బయట సెప్పొద్దు" అన్నాడు. ఇద్దరూ సాయంత్రానికల్లా బయట చెప్పారు. నాది పట్టంటే నాది పట్టని, నువ్వు అబద్ధాలకోరువంటే నువ్వని, విస్తళ్ళ ముందే కలబడ్డారు. అంతే, అప్పట్నుంచి ఇట్లా.

పోతూ పోతూ సుంకమ్మ నవ్వుతూ అంది. "ఇద్దర్నీ కట్టేసే సొమ్ము ఏదన్నా సెయ్యి అక్కా. ఒక గంట ఒకసోట నిలబడితే సాలు."

కొక్కెం

ఆమె నవ్వులాటకే అంది. నాకు మాత్రం అది చేతిలో దిగిన ముల్లులా ఉండిపోయింది. డిజైను అట్లా వస్తుంది. ఎవరో ఏదో అంటారు, వాళ్ళు మరిచిపోతారు, మనం మరిచిపోలేము. కలా లేదు, కాకరకాయా లేదు.

మాస్టర్ని పిలిపించి యుద్ధం ఎట్లా ఉంటుందని అడిగాను. చెక్క కత్తులు విరిగిపోతాయని ఆయన కత్తి తిప్పుడు తగ్గించి, భుజానికి భుజం ఆనించి నెట్టుకోవడం ఎక్కువ పెట్టాడు. పైగా యుద్ధం మొదటి రంగంలోనే. చివర్లో పెడితే చూడ్డానికి ఎవరూ మేలుకొని ఉండరని ఆయన అనుభవం. భుజానికి భుజం అనగానే నాకు చెమటలు పట్టాయి. సంతోషంతో.

రెక్క కొసన చిలక ముక్కు పెట్టడం మామూలే. పెద్దరాజుకు కుడి రెక్క ముక్కు కిందికి, చిన్నరాజుకు ఎడమ రెక్క ముక్కు పైకి వంచితే, ఎదురెదురుగా నెట్టుకునేటప్పుడు తగులుకోవాలి. అనుకోవడం సులభం. మొదట చేసింది తగులుకోలేదు, జారిపోయింది. ముక్కు ఇంకా వంచితే అట్ట చినిగింది. తీగ లావుది వేస్తే బరువుకు రెక్క వాలిపోయి, రాజు తడిసిన కోడిలా ఉన్నాడు. సన్నతీగ మెలేసి చేస్తే బ్రహ్మాండంగా తగులుకుంది, ఇక విడిపోలేదు. కత్తెరతో కోయాల్సి వచ్చింది. తగిలించడం సగం పనే. విడిపించే దారి కూడా చేయాలి, లేకపోతే అది సొమ్ము కాదు, ఉచ్చు.

అక్కడ ఆగిపోయాను. కొత్త పిల్లలు ఈ ఆగిపోవడానికే భయపడతారు. ఏమీ తోచనప్పుడు నేను ఏం చేస్తానంటే, పాత పూసలు రంగుల వారీగా ఏరిపెడతాను. బుర్రకు విశ్రాంతి, చేతులకు పని. అట్లా పూసలు ఏరుతూ వీధిలోకి చూస్తుంటే, టీ అంగడి ముందు రెండు సైకిళ్ళు హ్యాండిళ్ళు మెలేసుకొని పడ్డాయి. వాటి సొంతదారులు చెరొకవైపు లాగుతున్నారు. ఎంత లాగితే అంత బిగుసుకుంటున్నాయి. టీ అంగడాయన వచ్చి, "లాగొద్దండప్పా, ఇద్దరూ ముందుకు వంచండి" అన్నాడు. వంచగానే విడిపోయాయి.

పూసలన్నీ మళ్ళీ కలిసిపోయేంత వేగంగా లేచాను.

ముక్కుకు ముక్కు తగలకుండా, ఒకరి ముక్కు కింద వేలాడే పూసలపేటలో ఇంకొకరి కొక్కెం దిగేటట్టు మార్చాను. లాగితే పేట బిగుస్తుంది. ఒకడే వంగితే ఇంకా బిగుస్తుంది. ఇద్దరూ ఒకేసారి ఎదుటివాడి వైపు వంగితే మాత్రం పేట వదులై కొక్కెం జారుతుంది. వీధి అవతల మేకుకు తగిలించి చూశాను. అందంగా ఉంది. అందంగా లేని కొంటెపని నాకు ఇష్టముండదు.

తెర వెనక

కొలతల నెపంతో అక్కచెల్లెళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు చెప్పేశాను. ఇద్దరూ మొదట నోరు నొక్కుకున్నారు. తర్వాత చెరొక భుజకీర్తీ చీరల మీదే కట్టుకున్నారు. భుజాలు ఆనించి నెట్టుకున్నారు. టక్కున తగులుకుంది. అంతే, నవ్వు ఆపుకోలేక మెలికలు తిరుగుతుంటే ఇంకా బిగుసుకుంది.

సరిగ్గా అప్పుడు బయట తిమ్మప్ప గొంతు. "అక్కా! ఉండావా?"

ఇద్దర్నీ తగులుకున్నవాళ్ళను తగులుకున్నట్టే తెర వెనక్కి తోసి, నేను ముందుకొచ్చి నిలబడ్డాను.

"నా భుజకీర్తులు సూపించు, అట్లనే తీసుకొనిపోతా."

"జిగురు ఆరలేదప్పా."

"ఊరికే సూస్తాలే."

"చూస్తే కూడా ఆరదు."

తెర వెనక నుంచి కుయ్యిమని చప్పుడు వచ్చింది. తిమ్మప్ప మెడ సాచాడు. "లోపల ఏందది?"

"పిల్లి."

తెర కింద నాలుగు కాళ్ళు కనిపిస్తున్నాయి. మెట్టెలతో సహా. ఆయన చూపు అటు పోకుండా, "ఈరన్నది చూస్తావా?" అన్నాను. కళ్ళు మెరిశాయి. ఒంటిగా మిగిలిన ఈరన్న కుడి రెక్క చూపించాను. జానతో, బెత్తతో కొలుచుకొని, "నాది దీనికంటే పెద్దదే గదా?" అని మూడుసార్లు ఒట్టు వేయించుకొని పోయాడు. తెర తీసేసరికి గంగమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది. "మా ఆయన ఎంత పిచ్చోడో సూడక్కా," అంది. ఆ మాటలో కోపం ఏమీ లేదు.

యుద్ధం

జాతర రోజు పొద్దు వాలగానే నాటకం మొదలైంది. ముందు వరుసలో ఊరి పెద్దలు, వాళ్ళ మధ్య ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మామ నాగప్ప. ఆడవాళ్ళ వైపు చివర గంగమ్మ, ఇంకో చివర సుంకమ్మ. నేను పక్క తెర దగ్గర సూదీ దారం పట్టుకొని నిలబడ్డాను.

రాజులిద్దరూ తిట్టుకున్నారు, కత్తులు కొట్టుకున్నారు, భుజాలు ఆనించారు. టక్.

మొదట ఎవరికీ తెలియలేదు. నెట్టుకోవడం ఎక్కువసేపు జరుగుతోందని చప్పట్లు కొట్టారు. హార్మోనియం ఆయన ఊపు పెంచాడు. మాస్టరు తెర వెనక నుంచి "విడిపోండి, విడిపోండి" అని గుసగుసలాడాడు. వాళ్ళు లాగారు. ఇంకా బిగుసుకుంది. పైనుంచి వేలాడే మైకు సరిగ్గా ఇద్దరి నెత్తి మీద ఉంది.

"ఊరికే గుంజొద్దు, సంక తెగిపోతాంది," అన్నాడు తిమ్మప్ప. నాలుగేళ్ళకు మొదటి మాట.

"గుంజేది నువ్వు."

"నువ్వు వంగు."

"నువ్వే వంగు. నేనెందుకు వంగల్ల?"

"నేను పెద్దరాజును!"

జనం ఈలలు వేశారు. మాస్టరు కంగారుపడి తెర దింపించాడు, మైకు ఆపడం మరిచాడు. తెర వెనక జరిగినదంతా జాతర మొత్తానికి వినిపించింది.

"విడిపించుకోని పో. పోయి నీ పట్టు తలగుడ్డ కట్టుకో," అన్నాడు ఈరన్న.

నేను పక్క నుంచి చూస్తున్నాను. కిరీటం కింద తిమ్మప్ప ముఖం చిన్నబోయింది. "యాడి పట్టప్పా," అన్నాడు చివరికి. "మొదటి ఉతుకుకే తేలిపాయ. నూలుదే. నీతో సెప్పేకి నోరు రాలేదు. పెట్లో అడుగున పడేసినా."

ఈరన్న ఆ చిన్న గొంతుతో, "నాదీ నూలుదే అన్నా," అన్నాడు.

మొదట ఎవరు నవ్వారో తెలియదు. నవ్వుతూ నవ్వుతూ ఇద్దరూ ముందుకు వంగారు. కొక్కెం జారిపోయింది. వాళ్ళు విడిపోలేదు. నవ్వడానికి ఆసరా కావాలి కాబట్టి ఒకరి మీద ఒకరు పడి అట్లాగే ఉన్నారు. నా అద్దం బిళ్ళలు జలజలా రాలాయి.

బయట జనమంతా తలలు తిప్పి ముందు వరుసలోని నాగప్ప కోసం చూశారు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

ఎవరి డిజైను

ఆ వారమే అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే బస్సులో వచ్చారు. పిల్లాడు గంగమ్మ చంకలో ఉన్నాడు. నేను గొప్పగా, "చూసినారా నా పనితనం! తలగుడ్డల సంగతి మాత్రం ఎవురు అనుకున్నారమ్మా?" అన్నాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "మాకు ఎప్పుడో తెలుసక్కా," అంది గంగమ్మ. "ఉతికేది మేమే గదా."

"మరి చెప్పొచ్చు కదా!"

"మేం సెప్తే మా నాయన్ని బజార్లో పెట్టినట్ల అయితాది. మా మాట నమ్మేది కూడా లేదు. వాళ్ళ నోటితో వాళ్ళే సెప్పుకోవల్ల," అంది సుంకమ్మ. "అందుకే ఒకసోట నిలబెట్టమంటి."

నవ్వులాటకు అందనుకున్న మాట అది! ఇన్నాళ్ళూ ఆ డిజైను నాది అని ఊరేగుతున్నాను. పిల్లలూ, మీరు చేసే వస్తువు మీ తలలో నుంచే వచ్చిందని మరీ గట్టిగా నమ్మకండి. అడిగినవాళ్ళకు ఏం కావాలో వాళ్ళకు మీకంటే ముందే తెలిసి ఉంటుంది. తీగ ఎక్కడ వంచాలో మాత్రం వాళ్ళకు తెలియదు. అంతవరకే మన పని, ఆ కొంచెం చేయడానికే ఒక జన్మ పడుతుంది.

తర్వాతి ఏడాది మాస్టరు ఆ రంగాన్ని నాటకంలో కలిపేశాడు. దానికో కొత్త పాత్ర కూడా రాశాడు. రాజులిద్దరినీ మోసం చేసే మామ. ఆ వేషానికి సొమ్ములు కావాలని ఒక పెద్దమనిషి మా కొట్టుకు వచ్చాడు. చూస్తే నాగప్ప. నాకు ఎక్కడ దాక్కోవాలో తోచలేదు.

"ఏమీ భయపడొద్దమ్మా," అన్నాడాయన కుర్చీ లాక్కొని. "ఎట్లయినా తిట్లు తప్పవు. కింద కూచోని తినేదాని కంటే, పైన నిలబడి తింటే సప్పట్లన్నా కొడతారు. కొలత తీసుకో."

నేను దారం తీసుకొని ఆయన భుజాలు కొలవబోయాను. ఆయన ఊపిరి బిగబట్టి, ఛాతీ బెత్తెడు పెంచాడు.